పల్లెలలో పురుడు పోయువారు



పల్లెటూళ్లలో గర్భిణీ స్త్రీలకును బాలింతలకును పరిచర్య చేయువారి పనిపాటలను గూర్చి చెప్పుమని నన్ను కోరిరి. నేను వైద్యుడను గాను. భాషాప్రవీణ పరీక్షలో కృతార్థుడనై, ముప్పదియేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలలో తెనుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. విభక్తులును సంధులును చెప్పుకొను పండితునకు పురిటింటి గొడవ యేల యని మీకు తోచవచ్చును. దానికి కారణము ఒక గోడ. 1984వ సంవత్సరమున నన్ను తూర్పు గోదావరి జిల్లా మెట్టసీమలో ఒక గ్రామమునకు వేసిరి. ఆ ఊరి పాఠశాల గోడ నానుకొని యొక పెంకుటిల్లు. అందు ముందుగది అద్దెకు తీసికొని ఆరోగ్య ఉపకేంద్రము పెట్టియుండిరి. గోడకు ఈవల నేను పదునొకండేండ్లు పాఠములు చెప్పితిని. ఆవల ఒక నర్సమ్మ పదునొకండేండ్లు పురుళ్లు పోసెను. నేను చెప్పబోవునది యెక్కువగా ఆ గోడ మీదుగా విన్నదియు, కన్నదియు. ఒక్కచోట మాత్రము నేను చేజేతులార చేసినది.

మొదట కాగితము మీది సంగతి చెప్పెదను. మైదాన ప్రాంతమున 5,000 జనాభాకును, కొండలలోను గిరిజన ప్రాంతములలోను 3,000 జనాభాకును ఒక్కొక్క ఉపకేంద్రము ఉండవలెనని ప్రభుత్వ నియమము. అచ్చట కూర్చుండు ఉద్యోగినిని ఏ.ఎన్.ఎం. అందురు. మొదట ఆమె పని ప్రధానముగా తల్లులును బిడ్డలును. 1973లో కర్తార్ సింగ్ సంఘమువారు చేసిన సిఫార్సు మీదట టీకాలు, జ్వరములు, కుటుంబ నియంత్రణము మున్నగునవి యన్నియు ఒకరి నెత్తినే పెట్టి బహుళార్థ కార్యకర్త యని పేరు మార్చిరి. పేరు పెరిగినది గాని చేతులు రెండే గదా. మా నర్సమ్మకు నాలుగు పల్లెలు, వానికి చేరిన వాడలు. బల్లమీద డజనుకు పైగా లెక్క పుస్తకములు.

ఆమెకు పురుడు పోయుట వచ్చును గాని కూడికలు రావు. నెలాఖరున అధికారులకు పంపవలసిన లెక్క తేలక, "మాస్టారూ, ఒక్కసారి ఇటు వస్తారా" యని గోడ మీదుగా కేక వేసెడిది. నేను పోయి, గర్భిణు లెందరు, టీకా లెన్ని, ఐరను మాత్ర లెన్ని యని కూడి యిచ్చెడివాడను. అట్లు పోవుచుండగా ఆమె చేతిసంచిలో మఱియొక పుస్తకము నాకంట బడెను. పిల్లలు వాడుకొను చిన్న రూళ్ల పుస్తకము. దానిని ఏ యధికారియు అడుగలేదు. ఆమె ఎవరికిని చూపలేదు. అందులో ఒక పేరు ప్రక్కన ఎఱ్ఱచుక్క. తొలిచూలు, మనిషి మిక్కిలి పొట్టి అని అర్థము. ఒక పేరు క్రింద గీత. కాళ్లకు నీరు పట్టినదని. ఒక యింటి ప్రక్కన "ఎడ్లు ఉన్నవి, అడిగితే ఇస్తారు" అని. వేఱొక యింటి ప్రక్కన "సాయంత్రం మాట వినడు, పొద్దున్నే వెళ్లాలి" అని. ఆ యింటి యజమాని పొద్దుగూకిన తరువాత కల్లు పుచ్చుకొనువాడు. సర్కారు పుస్తకములలో ఇట్టి వానికి గడులు లేవు. కాని ఆమె పని నడచినది ఈ పుస్తకము మీదనే యని నాకు తెలియుటకు రెండేండ్లు పట్టెను.

కడుపుతో నున్న సంగతి మూడునెలలు నిండువరకు పైకి చెప్పరాదని మన యిండ్లలో నమ్మకము. దృష్టి తగులునని భయము. ఎంత తొందరగా పేరు వ్రాసికొన్న నంత మేలని ఆమె ఉద్యోగధర్మము. ఈ రెంటి నడుమ ఆమె నడిచిన తీరు చూడవలసినదే. ఏ యింటను ఆమె కోడలిని ముందుగా పలుకరించెడిది కాదు. గడపలో అడుగు పెట్టుచునే అత్తగారి మోకాళ్ల నొప్పులు ఎట్లున్నవని అడిగెడిది. బి.పి. చూచు పట్టీ మొదట అత్తగారి చేతికే కట్టెడిది. "మీకు బాగానే ఉంది పిన్నిగారూ, పనిలో పని కోడలిది కూడా చూసేస్తాను" అనెడిది. సర్కారు సొమ్ముతో అత్తగార్లకు వైద్యమా యని నేనొకనాడు పరిహాసము చేసితిని. ఆమె నవ్వలేదు. "ఆ ఇంట్లో తలుపు తీసేది అత్తగారండి మాస్టారూ. ఆవిడ చేతికి పట్టీ కట్టకుండా లోపలి గదిలోకి నేను వెళ్లలేను" అనెను. ఆ పట్టీ కోడలి చేతికి చేరుట యెంత ముఖ్యమో మీరెఱుగుదురు. నిండుచూలాలికి రక్తపు పోటు హెచ్చి, ముఖము ఉబ్బి, తలనొప్పి పుట్టి, కడపట మూర్ఛలు వచ్చుటనే మన పెద్దలు గుర్రపువాతము అనిరి. అది దయ్యము పట్టుట కాదు. ముందుగా పోటు చూచి పసిగట్టదగిన వ్యాధి.

నాకును ఆమెకును స్నేహము కుదిరినది పంచాంగము వలన. కాన్పు ఎప్పుడగునో లెక్క కట్టుటకు కడపటి ముట్టు మొదలైన తేదీ కావలెను. దానికి తొమ్మిది నెలలును ఏడు దినములును చేర్చిన చాలును. మొత్తము 280 దినములు. కాని మా ఊరి స్త్రీలకు తేదీలతో పని లేదు. "ముక్కనుమనాడు తలకు పోసుకున్నానమ్మా" అందురు. తలకు పోసికొనుట నాలుగవ దినము గనుక నర్సమ్మ మూడు దినములు వెనుకకు జరిపెడిది. సంక్రాంతి జనవరి 14 అయిన యేట ముక్కనుమ 16. మూడు తీసివేయగా 13. దానికి తొమ్మిది నెలల యేడు దినములు చేర్చగా అక్టోబరు 20. సంక్రాంతి సూర్యుని బట్టి వచ్చును గనుక చిక్కులేదు. సుబ్బారాయుడి షష్ఠి, అట్లతద్ది, ముక్కోటి యన్నచో ఏటేట తేదీ మారును. అధికమాసము వచ్చిన యేడు మఱియు చిక్కు. అప్పుడు గోడ మీదుగా కేక. నేను పంచాంగము తిరుగవేసి చెప్పెడివాడను. నా చదువు ఇట్టి పనికి ఉపకరించునని నేనెన్నడును అనుకొనలేదు; లోలోపల కొంత గర్వముగా కూడ నుండెను.

పురిటినొప్పులు పగలే రావలెనని నియమము లేదు. రాత్రి ఆమెను పిలువ వచ్చినవాడు మగవాడైనచో, ఇంటికి పోయి ఒక ఆడమనిషిని వెంట తీసికొనిరమ్మని నిష్కర్షగా చెప్పెడిది. భర్త వేఱొక ఊర నుద్యోగములో నుండెను. ఆమె వయసులో నున్న స్త్రీ. ఊరి నోటికి మూత యుండదు గదా. ఆ గదికి మరుగుదొడ్డి లేదు. మా దొడ్డి వాడుకొనుమని నా భార్య చెప్పువరకు ఏడాదిన్నర ఆమె యెట్లు గడపెనో నేను ఆలోచింపనైనను లేదు. ఊరి పెద్దలమందరము ఉపకేంద్రము వచ్చినదని సంతోషించితిమి గాని, అందులో నొక స్త్రీ కాపురముండునని ఒక్కరికిని తోచలేదు.

ఆ ఊర ఒక మంత్రసాని యుండెను. నాయీబ్రాహ్మణ కుటుంబపు వృద్ధురాలు. ఊరిలో సగముమంది ఆమె చేతిలోనే పుట్టిరి. పురుడు పోసినందుకు ఆమెకు కుంచెడో రెండు కుంచములో ధాన్యము, ఒక చీర, తాంబూలము ముట్టెడివి. నర్సమ్మ వచ్చుటతో తన చీర పోవునని ఆమెకు కోపము. నర్సమ్మ ఆమెను తఱుమలేదు. తాను పురుడు పోసిన యింటను చీర ఆమెకే ఇప్పించెడిది. ఆమె నడుము పట్టు తీరు, కేకలు వేయు పిల్లను మాటలతో ఊరడించు తీరు తనకు శిక్షణములో ఎవరును నేర్పలేదని నాతో పలుమారులు చెప్పెను. ముసలమ్మ వలన ఆమె కోరినవి మూడే: గోళ్లు కత్తిరించుకొని సబ్బుతో చేతులు కడుగుట, బొడ్డు కోయుటకు క్రొత్త బ్లేడు వాడుట, నొప్పులు పడుచుండగా పొట్టమీద బలముగా నొక్కకుండుట. మొదటిది ముసలమ్మ నామోషీగా తలచెను. అప్పుడు నేను కలుగజేసికొని, ప్రసవమువేళ దగ్గఱ నుండవలసిన వృద్ధస్త్రీలు గోళ్లు తీయించుకొన్నవారై యుండవలెనని సుశ్రుతుడు శారీరస్థానములో విధించెనని చెప్పితిని. "ఋషులు చెప్పారా? నర్సమ్మ చెప్పిందనుకున్నాను" అని ముసలమ్మ మఱునాడే గోళ్లు తీయించుకొనెను. బురదలో పెట్టిన కొడవలితో బొడ్డుకోసి, దానికి బూడిదయో పేడయో పూయుట చేతనే పసికందులకు ధనుర్వాతము వచ్చి వారము తిరుగకుండ పోవుచుండిరి. గర్భిణులకు టీకాలును శుభ్రమైన కాన్పులును అలవడిన పిమ్మట, తల్లులను పసిబిడ్డలను చంపు ఆ ధనుర్వాతము మన దేశమున అదుపులోనికి వచ్చినదని 2015లో నిర్ధారించిరి.

నర్సమ్మకు వచ్చిన మాటలన్నియు పురిటింటివి కావు. ఆ దినములలో ఏటికి ఇన్ని శస్త్రచికిత్సలు చేయింపవలెనని కుటుంబ నియంత్రణమునకు లక్ష్యములు పెట్టెడివారు. మార్చి నెల వచ్చుసరికి ఆమెకు నిద్ర పట్టెడిది కాదు. చూలాలిని చూడబోయిన చోట సైతము జనులు ఆపరేషనుకు వచ్చినదని తలుపు వేసికొనెడివారు. 1996 ఏప్రిలులో ఆ లక్ష్యముల నెత్తివేసిరి. అప్పటికి నేను ఆ ఊరు విడిచితిని.

ఇక నా చేతిమీదుగా జరిగినది చెప్పెదను. 1988వ సంవత్సరము, శ్రావణమాసము. రాత్రి రెండున్నర గంటలకు ఒక కుఱ్ఱవాడు వచ్చి నా తలుపు తట్టెను. "తాతగారు అడిగి రమ్మన్నారండి. ఇప్పుడు ప్రయాణానికి వర్జ్యం ఉందా?" అనెను. నేను లాంతరు వెలుగున పంచాంగము చూచి, నాలుగు గంటలదాక ఉన్నది, ఆ తరువాత బయలుదేరుమని చెప్పి పండుకొంటిని. ప్రయాణ మెవరికి, ఎందుకు అని అడుగలేదు.

ఆ యింట ఒంటిగంటకు కాన్పు అయ్యెను. బిడ్డ బాగుగనే యుండెను గాని, తల్లికి రక్తము ఆగలేదు. ముసలమ్మయే బెదరి నర్సమ్మకు కబురు పంపెను. నర్సమ్మ పోయి, తనయొద్దనున్న సూదిమందు వేసి, పొట్ట మర్దించి, బిడ్డను రొమ్మున వేయించి, ఇక ఇచ్చట లాభము లేదు, బండి కట్టుడని చెప్పెను. ఆసుపత్రి పదునాలుగు కిలోమీటర్లు, నడుమ ఏరు. ఆ పెద్దాయన చెడ్డవాడు కాడు. కోడలిని కూతురివలె చూచుకొనువాడు. ప్రయాణము సుఖముగా సాగవలెనని, మాస్టారి నొక్కమాట అడిగి బయలుదేరుదమనెను. నేను చెప్పిన మాటమీద గంటన్నర ఆగిరి. నాలుగింటికి బండి కట్టిరి. తెల్లవారకముందే ఏటి ఒడ్డున ఆ పిల్ల ప్రాణము పోయెను.

వర్జ్యము నాలుగు ఘడియలు, అనగా గంట ముప్పదియాఱు నిమిషములు. కాన్పు తరువాత రక్తము ధారగా పోవుచు చికిత్స దొరకనిచో తల్లి బ్రతికియుండు కాలము సగటున రెండు గంటలని వైద్యులు లెక్క కట్టిరి. ఈ రెండంకెలను నేను తరువాత చాల కాలమునకు ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొంటిని. రెండు గంటలలో గంటన్నర నేను తీసికొంటిని.

ఆ నెలాఖరున ఎప్పటివలెనే కేక వినబడెను. పోయితిని. మరణముల పుస్తకములో ఆ పేరు ఎదుట కారణము అను గడిలో "రక్తస్రావము" అని వ్రాసియుండెను. నేను చూచుట ఆమె చూచెను. చాలసేపటికి, "ఈసారి ఎవరైనా అడిగితే ప్రయాణం దేనికని అడగండి మాస్టారూ" అనెను. అంతకు మించి ఏనాడును ఆ మాట యెత్తలేదు. మఱుసటి ఉగాదికి రామాలయములో పంచాంగ శ్రవణము నేనే చేయవలసివచ్చెను. అప్పుడు కందాయ ఫలములు చెప్పుటకు ముందే, నొప్పులు పడు స్త్రీకి తిథివార నక్షత్రములు లేవు, వర్జ్యము లేదు, దుర్ముహూర్తము లేదు; ఆపద్ధర్మమని శాస్త్రకారులు చెప్పినది ఇట్టి సమయమునకే యని చెప్పితిని. ఆ పెద్దాయన ముందు వరుసలో కూర్చుండి తలవంచుకొని వినెను. ఆనాటినుండి నేను పంచాంగము చదివిన ప్రతి ఉగాదికిని అదే మొదటిమాట.

1994లో ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణములకు మూడు ఆలస్యములు కారణమని వివరించిరి: బయలుదేరుటకు నిశ్చయించుకొనుటలో ఆలస్యము, దారిలో ఆలస్యము, ఆసుపత్రి చేరిన తరువాత చికిత్స జరుగుటలో ఆలస్యము. దారి సర్కారుది, ఆసుపత్రి సర్కారుది. మొదటి ఆలస్యము మాత్రము మన అరుగుల మీదిది. 2010 నుండి ప్రసవ సంబంధమైన మరణము జరిగిన యింటికి పోయి, ఎచ్చట ఎంత ఆలస్యమైనదని విచారించి వ్రాయు పద్ధతి యేర్పడినది. నర్సమ్మ పుస్తకములో లేని గడి ఇప్పుడున్నది.

కాలము చాల మారినది. 2005లో జాతీయ గ్రామీణారోగ్య కార్యక్రమము వచ్చెను. వేయిమంది జనాభాకు ఒక ఆశా కార్యకర్తను పెట్టిరి. ఆ ఏడే ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 108 వాహనములు తిరుగ మొదలిడెను. 2004–06లో ఉమ్మడి రాష్ట్రమున లక్ష సజీవ జననములకు 154 మంది తల్లులు పోవుచుండగా, 2018–20 నాటికి ఆంధ్రప్రదేశములో 45కును, తెలంగాణములో 43కును దిగెను. 2019–21 నాటి లెక్కలో నూటికి 96 మందికి పైగా ఆసుపత్రులలోనే కనిరి. కోతకాన్పులు మాత్రము తెలంగాణములో నూటికి 60, ఆంధ్రప్రదేశములో 42 దాటినవి. అది వేఱొక ఉపన్యాసమునకు తగిన సంగతి. విశాఖ మన్యమున దారిలేని కొండగూడెములనుండి నిండుచూలాలిని డోలీలో మోసికొనివచ్చు వార్తలు మాత్రము నేటికిని పత్రికలలో చదువుచునే యున్నాము.

మంత్రసాని వెళ్లిపోయినది, పని పోలేదు, చేయి మారినది. మా స్వగ్రామమున ఆశా కార్యకర్తను నేను చూచుచున్నాను. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను మూడవనాడు, ఏడవనాడు, పదునాలుగు, ఇరువదియొకటి, ఇరువదియెనిమిది, నలువదిరెండవ దినములలో ఇంటికిపోయి చూడవలెనని ఆమెకు విధి. ఈ యాఱు రాకపోకలకు కలిపి 250 రూపాయలు నిర్ణయించిరి. ఇవి పుస్తకమున కెక్కును. నడిరేయి 108 రాకముందు వీధి చివర దీపము పట్టుకొని నిలుచుట, బాలింత ఆధారు కాగితము ఇంట మఱచినచో వెనుకకు పరుగెత్తుట, ఆటోకు ముందు తన చేతి డబ్బిచ్చి ఆ పిమ్మట అడుగుటకు మొగమాటపడుట, ఆసుపత్రి వరండాలో పడక లేక గోడకు జేరగిలి తెల్లవార్చుట, ఇవి యేవియు ఎక్కవు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు దేశములోని ఆశా కార్యకర్తలందరికిని కలిపి గౌరవ పురస్కార మిచ్చిరి. ఆ వార్త వచ్చిననాడు మా ఆశా పిల్ల చేటలో బియ్యము చెఱుగుచు, "ఆ ఫొటో మా ఫోన్లకి వచ్చింది తాతగారూ" అనెను.

పెద్దలైన మీతో ఒక్క సంగతి ముచ్చటించెదను. తొమ్మిదవ నెల రాకముందే సూతికాగారము సిద్ధపరుపవలెనని చరకుడు చెప్పెను. ఇప్పుడు పురిటిల్లు ఆసుపత్రి యైనది గనుక సిద్ధపరుపవలసినవి వేఱు. రాత్రి వాహనము రాకున్న ఎవరి బండి యడుగవలెను, రక్తము కావలసివచ్చిన ఇంట నెవరు ఇత్తురు, పట్టెమంచము ప్రక్కన డబ్బెంత యుంచవలెను, వీని కన్నిటికన్నను ముందు, యజమాని పొలములోనో పొరుగూరనో యున్నప్పుడు బయలుదేరుమని చెప్పు అధికార మెవరిది? ఇవి ఆశా పిల్ల అడిగినచో "నీకెందుకమ్మా" యందురు. మీరు మీ అరుగుమీద కూర్చుండి అడిగినచో సమాధానము వచ్చును. మా వీధిలో నేను అడుగుచున్నాను. ఒకరిద్దరు విసుగుకొనిరి, తక్కినవారు చెప్పిరి.

2025 సంక్రాంతికి ఆ పిల్ల మా యింటికి వచ్చెను. తేదీ వేసినచో కాన్పుదినము చెప్పు యంత్రము ఆమె ఫోనులోనే యున్నది. కాని ఆ తేదీయే దొరకలేదు. క్రొత్తగా కాపురమునకు వచ్చిన పిల్ల, నాగులచవితికి రెండురోజుల ముందు తలకు పోసికొంటి నన్నదట. "నాగులచవితి ఏ తారీఖండి తాతగారూ?" అనెను. పంచాంగము తీసితిని. 2024లో నాగులచవితి నవంబరు 5. రెండు తీసివేయగా 3. మూడు దినములు వెనుకకు జరుపగా అక్టోబరు 31. తొమ్మిది నెలల ఏడు దినములు చేర్చగా ఆగస్టు 7, వరలక్ష్మీ వ్రతమునకు ముందునాడు. ఆమె దానిని ఫోనులో నెక్కించుకొనెను. పిమ్మట సంచిలోనుండి చిన్న రూళ్ల పుస్తకమొకటి తీసి, అందులో ఆ పిల్ల పేరు వ్రాసి, ప్రక్కన ఎఱ్ఱచుక్క పెట్టెను.